అంచు గీసే చేయి

ఒకే తెర మీద మూడు విండోలు. ఎర్రంచు విండోలో ఎవరో పంపిన లింకు తెరుచుకుని ఉంది. నీలంచు విండోలో ఆఫీసు ఉత్తరాలు. ఒక మూలగా, నల్లంచు విండోలో పాస్‌వర్డులు దాచుకునే పెట్టె. ఒకదాని మీదికి ఒకటి కాస్త ఒరిగి, ఏ కంప్యూటరు మీదైనా ఉండేట్టే ఉన్నాయి. అవి మూడు వేరువేరు యంత్రాల నుంచి వచ్చాయనీ, నల్లంచు యంత్రానికి నెట్‌వర్కు పుట్టుకతోనే లేదనీ చూడగానే ఎవరికీ తోచదు. తెలియజెప్పేది ఆ అంచొక్కటే. క్యూబ్స్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెచ్చుకోదగ్గవి చాలా ఉన్నాయి గానీ, నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ సన్నని రంగు గీత.

భద్రత పేరుతో వచ్చే సాఫ్ట్‌వేరు చాలావరకు భయానకరసాన్ని అమ్ముకుని బతుకుతుంది. తెర మూలన డాలు బొమ్మ, ఎర్రగా ఆరివెలిగే హెచ్చరిక, ‘మీరు ప్రమాదంలో ఉన్నారు’ అన్న బెదిరింపు, ఆ వెంటనే చందా కట్టమనే బొత్తాం. క్యూబ్స్‌లో ఈ హడావిడి లేదు. ఏదో ఒక ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు శత్రువు చేతికి చిక్కుతుందని అది మొదటే ఒప్పేసుకుంది. ఒప్పుకున్నాక ఇక బెంగ ఎందుకు? చిక్కినదాని పక్కన ఏముందన్నదొక్కటే చూసుకోవాలి. ఆలంకారికులు సంచారిభావాల వరుసలో కూర్చోబెట్టిన ధృతి ఇక్కడ స్థాయిభావంగా మారి కూర్చుంది. ఈ నిబ్బరమే ఆ తెరకంతటికీ ఆత్మ అని నా నమ్మకం.

దీన్ని మొదలుపెట్టిన జోవానా రుత్కోవ్‌స్కా పోలండ్‌కు చెందిన పరిశోధకురాలు. 2006లో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సభలో ఆమె ‘బ్లూ పిల్’ అనే ప్రయోగం చూపించారు. నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను, దానికి తెలియకుండానే, ఒక వర్చువల్ యంత్రంలోకి జార్చేయడం అందులోని కిటుకు. లోపలున్నదానికి తాను లోపలున్నానన్న స్పృహ ఉండదు. అదే మనిషి నాలుగేళ్లు తిరిగేసరికి, 2010 ఏప్రిల్‌లో, వార్సాలోని తన ఇన్విజిబుల్ థింగ్స్ ల్యాబ్ నుంచి క్యూబ్స్‌ను ప్రకటించారు. బంధించి మోసగించడానికి పనికొచ్చిన విద్యే విడదీసి కాపాడటానికీ పనికొచ్చింది. 1.0 విడుదల 2012 సెప్టెంబరులో వచ్చింది. 2018లో ఆమె తప్పుకున్నాక మారెక్ మార్చికోవ్‌స్కి-గురెట్స్కి ఆ పగ్గాలు పట్టుకున్నారు.

కట్టడం గురించి రెండు ముక్కలు. అన్నిటికంటే అడుగున జెన్ అనే హైపర్‌వైజర్ ఉంటుంది. దాని మీద నడిచే ఒక్కొక్క వర్చువల్ యంత్రాన్నీ క్యూబ్ అంటారు. నెట్‌వర్కు కార్డును పట్టుకుని కూర్చునే క్యూబ్ ఒకటి, దాని వెనక ఫైర్‌వాల్ క్యూబ్ ఒకటి, యూఎస్‌బీ పరికరాలను మోసే క్యూబ్ ఇంకొకటి. తెరనీ కీబోర్డునీ ఏలే డామ్ జీరో వీటన్నిటికీ పైన ఉంటుంది. దానికి ఇంటర్నెట్ లేదు. అధికారమంతా ఉన్నదానికి బయటి ప్రపంచంతో మాట లేకుండా చేశారు. రాజ్యాంగాలు రాసేవాళ్లు కూడా ఓసారి చూసి పోదగ్గ ఏర్పాటు ఇది.

కొత్త క్యూబ్ తయారుచేసుకునే పెట్టె తెరిస్తే అడిగేవాటిలో ముఖ్యమైనవి ఇవి: పేరు, రంగు, టెంప్లేటు, నెట్‌వర్కు. ఆ వరుసలోనే ఒక సొగసుంది. సాంకేతిక వివరాలకు వెళ్లకముందే పేరూ రంగూ పెట్టమంటుంది. ఆ తర్వాత ఏ మూసలో పోయాలో అడుగుతుంది: ఫెడోరానా, డెబియనా, అజ్ఞాతంగా తిరగడానికి పనికొచ్చే హూనిక్సా? ఒక్క డెబియన్ టెంప్లేటు మీద పది క్యూబులు ఆధారపడి బతకొచ్చు. ప్రోగ్రాములు టెంప్లేటులో ఒక్కసారి పెడితే పదింటికీ అందుతాయి. మూల సిస్టమ్‌లో ఒక క్యూబ్ ఏ మార్పు చేసినా, ఆపి మళ్లీ నడిపేసరికి ఆ మార్పు పోతుంది. దాని హోమ్ డైరెక్టరీ మాత్రం నిలుస్తుంది. దొంగ ప్రోగ్రాం సిస్టమ్ ఫైళ్లలో ఎక్కడో నక్కి కూర్చున్నా, మర్నాడు ఆ నక్కిన చోటే ఉండదు. హోమ్‌లో దాక్కుంటే మాత్రం నిలుస్తుంది. ఆ సంగతి మరిచిపోకూడదు.

అసలు రసం ఉన్నది తెర దగ్గర. యునిక్స్ ప్రపంచానికి తెరనిచ్చిన ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది. నమ్మకస్తుల కాలం అది. ఒకే తెరని పంచుకునే ప్రోగ్రాములన్నీ మంచివేనని దాని ఊహ. ఒక విండోలో మీరు టైపు చేస్తున్న ప్రతి అక్షరాన్నీ పక్క విండో వినగలదు, ఆ విండో బొమ్మనూ తీసుకోగలదు. ఇందుకు దొంగ విద్యలేవీ అక్కర్లేదు. 2011లో రుత్కోవ్‌స్కా ఎక్స్‌ఇన్‌పుట్ అనే మామూలు ఆదేశంతో దీన్ని చూపించారు. పెద్ద అధికారంతో నడిచే విండోలో కొట్టే మీటలు కూడా, ఏ అధికారమూ లేని పక్క టెర్మినల్‌లో వరుసగా వచ్చి పడతాయి. ఫైళ్లకి ఎన్ని తాళాలు వేసినా, ప్రోగ్రాములన్నీ ఒకే తెర గదిలో ఉన్నంత కాలం అవి ఒకరి మాట ఒకరు వింటూనే ఉంటాయి.

క్యూబ్స్ దీనికి చెప్పిన జవాబు చూసినప్పుడు ఎవరికైనా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ప్రతి క్యూబ్‌లోనూ దాని సొంత ఎక్స్ సర్వరు ఉంటుంది. అది గీసేది నిజమైన తెర మీద కాదు, లేని తెర మీద. ఉత్తుత్తి డ్రైవరొకటి అక్కడో తెర ఉందని ప్రోగ్రాములను నమ్మిస్తుంది. బ్రౌజరు పాపం ఆ నమ్మకంతోనే తన విండో అంతా శ్రద్ధగా గీసుకుంటుంది. ఆ పిక్సెళ్లున్న మెమరీ పేజీలను చూసే వీలు మాత్రం డామ్ జీరోకు ఉంటుంది. ‘విండో పుట్టింది, ఇక్కడికి జరిగింది, ఈ భాగం మారింది, పోయింది’ అనే కొద్దిరకాల చిన్న చిన్న సందేశాలు అటునుంచి ఇటు వస్తాయి. ఎక్స్ భాష గడప దాటి రాదు. తోలుబొమ్మలాటలో తెర ముందున్న మనకి నీడ అందుతుంది, బొమ్మా రాదు, దాన్ని ఆడించే పుల్లా రాదు. ఇక్కడా అంతే. బొమ్మ ఎంత దుర్మార్గమైనదైనా, దాని నీడ తెరను చింపలేదు.

కీబోర్డు సంగతి దీనికి తిరగేసిన కథ. మీటలన్నీ ముందు డామ్ జీరోకే చేరతాయి. ఏ విండో మీద దృష్టి నిలిచి ఉందో ఆ విండో తాలూకు క్యూబ్‌కే అక్కణ్నుంచి అక్షరాలు వెళ్తాయి. మిగతా క్యూబులకు ఆ క్షణంలో ప్రపంచం నిశ్శబ్దం. ఎర్రంచు విండో ఎంత చెవులు రిక్కించినా, నీలంచులో కొట్టిన పాస్‌వర్డు దానికి చేరదు.

ఇక అంచు. క్యూబ్‌లోని ప్రోగ్రాం తన విండో లోపల ఏమైనా గీసుకోవచ్చు, దానికి అడ్డు లేదు. విండో చుట్టూ ఉండే చట్రాన్నీ, పైన ఉండే పట్టీనీ, పట్టీలో చదరపు బ్రాకెట్ల మధ్య ఉండే క్యూబ్ పేరునూ మాత్రం డామ్ జీరో తన చేత్తో గీస్తుంది. ‘నేను ఫలానా’ అని ఏ పాత్రా తనకు తాను చెప్పుకోవడానికి లేదు. ఎవరు ఎవరో సూత్రధారుడే చెబుతాడు. చట్రమంటూ లేని చిన్న మెనూలకూ, మౌసు ఆనించగానే పొడుచుకొచ్చే చీటీలకూ కూడా ఒక సన్నని రంగు అంచు చుట్టిపెడతాడు. అంత చిన్న చీటీని కూడా వదలని ఆ పట్టుదలలో మంచి శిల్పి లక్షణం కనబడుతుంది. గోపురం మీద ఎవరి కంటికీ అందని బొమ్మకు కూడా గోళ్లు చెక్కినవాడి లక్షణం.

రంగులు ఎనిమిది: ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, బూడిద, నీలం, ఊదా, నలుపు. ఎనిమిది అనగానే రసజ్ఞుడి మనసు భరతుడి దగ్గరికి పోకుండా ఉండదు. నాట్యశాస్త్రంలోనూ ఎనిమిది రసాలకు ఎనిమిది రంగులు: శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురపు రంగు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. లెక్క కలవడం కాకతాళీయమే, దానికి నేను తాత్పర్యాలు అంటగట్టబోవడం లేదు. కానీ రెండు పట్టికలనూ పక్కన పెట్టి చూస్తే ఓ తమాషా ఉంది. ఇన్‌స్టాలర్ పెట్టి ఇచ్చే క్యూబుల్లో నమ్మరానిది ఎరుపు, సొంతానిది పసుపు, ఆఫీసుది నీలం, రహస్యాలు దాచే వాల్ట్ నలుపు. ఎరుపు దగ్గర భరతుడూ క్యూబ్సూ చేతులు కలిపారు. నలుపు దగ్గర విడిపోయారు. భరతుడికి భయం పుట్టించే నలుపు ఇక్కడ అన్నిటికంటే భద్రమైన గది అయి కూర్చుంది. ఇంకో తేడా ఇంతకన్నా లోతైనది. భరతుడు రంగుకు అర్థం స్థిరపరిచాడు. క్యూబ్స్ ఆ పని చేయలేదు. ఎరుపు ప్రమాదమన్నది అలవాటే తప్ప నిబంధన కాదు; యంత్రం దృష్టిలో ఎనిమిదీ సమానమే. అర్థం నింపాల్సింది ఆ తెర ముందు కూర్చున్న మనిషి. అందుకే రెండు క్యూబ్స్ తెరలు ఎప్పుడూ ఒక్కలా ఉండవు. ఒకరు బ్యాంకుకు ఆకుపచ్చ ఇస్తారు. ఇంకొకరు కుటుంబ ఫొటోలకు ఇస్తారు. ఆ పంపకాన్ని చూస్తే ఆ మనిషి దేనికి భయపడతాడో, దేన్ని ప్రేమిస్తాడో చదవొచ్చు.

ఇంత జాగ్రత్తగా గీసిన అంచును మోసం చేయాలనుకునే విండో ఏం చేస్తుంది? తన లోపలే ఇంకో విండో బొమ్మ గీస్తుంది, దాని చుట్టూ ఆకుపచ్చ అంచు కూడా గీస్తుంది. పాస్‌వర్డు అడుగుతుంది. చూపు చురుగ్గా లేనివాళ్లు పడిపోయే వల అది. కానీ ఆ ఆకుపచ్చ చుట్టూ, కాస్త దూరంగా, అసలైన ఎరుపు అంచు ఉంది. దొంగ విండోను పట్టుకుని లాగి చూడండి, ఎరుపు గీత దాటి బయటికి రాలేదు. మరి ఎరుపు గీతే కనబడకుండా విండో తెరనంతా ఆక్రమిస్తే? అప్పుడు మొత్తం డెస్క్‌టాప్‌నే, మెనూలతో, గడియారంతో, నకిలీగా గీసేయొచ్చు. అందుకని తనంతట తాను నిండుతెర అయ్యే హక్కు ఏ క్యూబ్‌కూ మామూలుగా ఉండదు. యూట్యూబ్‌లో నిండుతెర బొత్తాం నొక్కితే వీడియో తన విండో మేరకే విస్తరిస్తుంది, తెరను మింగదు. కావాలంటే విండో మేనేజరుకు మనమే చెప్పి పెద్దది చేయించుకోవాలి. సినిమా చూడబోయేవారికి ఇది చిరాకే. నాకు మాత్రం ఇందులో ఔచిత్యమే కనబడుతుంది. ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్నది ఈ గుణాన్నే కదా: ఎవరి హద్దులో వారుండటం వల్ల వచ్చే శోభ.

తెలుగువాళ్లకి పూర్తిగా అనుభవమయ్యే ఒక ఘట్టం ఇక్కడుంది. డెబియన్ టెంప్లేటులో తెలుగు ఫాంట్లు పెట్టుకుని, ఒక తెలుగు పత్రిక పేజీ తెరవండి. విండో లోపల గుణింతాలూ వత్తులూ చక్కగా కుదురుకుని కనిపిస్తాయి. పైన పట్టీలో, ఆ పేజీ శీర్షిక ఉండాల్సిన చోట, అండర్‌స్కోరు గీతలు మాత్రం బారుగా కనిపిస్తాయి. లోపల అక్షరం, పైన గీతలు. మొదటిసారి చూస్తే ఏదో చెడిపోయిందనిపిస్తుంది. ఏదీ చెడలేదు. లోపలి తెలుగును క్యూబే గీసి, పిక్సెళ్లుగా పంపింది. పైనున్న శీర్షికను గీయాల్సింది డామ్ జీరో. క్యూబ్ పంపిన అక్షరాలను యథాతథంగా తీసుకుని, ఫాంట్లనూ వత్తులు పేర్చే యంత్రాంగాన్నీ నడపాలంటే, ఆ సంక్లిష్టమైన పనంతా అధికారపీఠం మీదే జరగాలి. అక్కడ ఒక్క లోపమున్నా చాలు, నీడ తెరను చింపుతుంది. అందుకని మొదటి అమరికలో ఆస్కీ అక్షరాలకే అనుమతి, మిగతా ప్రపంచ లిపులన్నీ గీతలైపోతాయి.

ఈ నిర్ణయం వెనకున్న తర్కాన్ని గౌరవిస్తాను. అయినా ఆ గీతలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మన లిపిలో వత్తు ఎక్కడ ఒదగాలో, గుడి ఎలా వంగాలో లెక్క కట్టడం తేలిక పని కాదు. ఆ వంపుల అందమే ఇక్కడ అనుమానాస్పదమైంది. ఇంగ్లిషువాడి అక్షరాలు విడివిడిగా, బుద్ధిగా నిలబడతాయి కాబట్టి వాటికి గడప దాటే పాసు దొరికింది. ఫలానా క్యూబ్‌కు యూనికోడ్ శీర్షికలు అనుమతించు అని ఒక్క ఆదేశం ఇస్తే గీతలు పోయి తెలుగు వస్తుంది. అలా ఇచ్చినవాళ్లను తప్పుపట్టను. వాల్ట్‌కీ, ఎర్రంచు క్యూబులకీ ఇవ్వకుండా, రాతపని చేసుకునే ఒక్క క్యూబ్‌కి ఇవ్వడం నా అభిరుచి.

ఒక గది నుంచి ఇంకో గదికి మాట చేరవేయడానికి ఉన్న పద్ధతి ఒక చిన్న నృత్యం. ఎర్రంచులో కంట్రోల్ సీ. తర్వాత కంట్రోల్ షిఫ్ట్ సీ: అప్పుడు ఆ ముక్క క్యూబ్ దాటి డామ్ జీరో చేతికి వస్తుంది, తెర మూలన ఒక చీటీ ఆ సంగతి చెబుతుంది. నీలంచు విండోకి వచ్చి కంట్రోల్ షిఫ్ట్ వీ. ఆపైన కంట్రోల్ వీ. నాలుగు అడుగులు. అందజేసిన మరుక్షణం మధ్యవర్తి చేయి ఖాళీ అవుతుంది, ఇంకో క్యూబ్ వచ్చి అడిగినా ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. వేగంగా పనిచేసేవాళ్లు మొదట్లో ఈ నాలుగు అడుగుల మీద విసుక్కుంటారు. కొన్నాళ్లకు వేళ్లకు తాళం పట్టుబడుతుంది. ప్రతి అడుగులోనూ ‘ఇది ఇక్కణ్నుంచి అక్కడికి పంపుతున్నాను’ అన్న ఎరుక ఉండటం ఇందులోని విశేషం. మామూలు కంప్యూటరు మీద అతికించడమన్నది అనాలోచితంగా జరిగిపోతుంది. ఇక్కడ అది తెలిసి చేసే పని.

డిస్పోజబుల్ క్యూబుల గురించి చెప్పకపోతే ఈ ప్రశంస సగమే. ఉత్తరంతో ఏదో అటాచ్‌మెంట్ వచ్చింది. దాన్ని డిస్పోజబుల్‌లో తెరవమంటే ఆ ఒక్క ఫైలు కోసం ఒక యంత్రం పుడుతుంది. డిస్ప్ అన్న మాట పక్కన ఏదో ఒక అంకె, అంతే దాని పేరు. ఫైలు చూసి విండో మూసేయగానే యంత్రం పోతుంది, జ్ఞాపకాలతో సహా. లోపల ఏ పురుగు మేల్కొన్నా, దాని ఆయుష్షు మనం చదవడానికి పట్టిన సేపే. పీడీఎఫ్‌లను శుద్ధి చేసే పద్ధతి 2013లో దీని మీదే కట్టారు. డిస్పోజబుల్ ఆ పీడీఎఫ్‌ను తెరిచి, పేజీ పేజీనీ ఉత్త రంగు చుక్కల పట్టికగా మార్చి పంపుతుంది; ఇవతలి క్యూబ్ ఆ చుక్కలతో మళ్లీ పీడీఎఫ్ కడుతుంది. కన్ను చూడగలిగింది మిగులుతుంది, కంటికి కనబడనిదంతా రాలిపోతుంది. అజ్ఞాత వ్యక్తులు విలేఖరులకు పత్రాలు పంపడానికి వాడే సెక్యూర్‌డ్రాప్‌కు, ఫ్రీడమ్ ఆఫ్ ద ప్రెస్ ఫౌండేషన్ క్యూబ్స్ మీద ఒక వర్క్‌స్టేషన్ కట్టింది. పంపినవారెవరో తెలియని పత్రాన్ని నెట్‌వర్కు లేని డిస్పోజబుల్‌లో తెరవడం అక్కడి పద్ధతి. సౌందర్యం గురించి మాట్లాడుతూ వార్తాసంస్థల పని ఎత్తడమేమిటని అనొచ్చు. ప్రాణాల మీదికి వచ్చే పనిలో నిలబడ్డ అందమే నాకు నమ్మదగిన అందం.

లోపాలు లేవా? బోలెడు. క్యూబులకు మామూలుగా గ్రాఫిక్స్ కార్డు సాయం దొరకదు. బొమ్మలన్నీ ప్రాసెసరే చెమటోడ్చి గీయాలి. పెద్ద వీడియో నత్తి కొడుతుంది. త్రీడీ ఆటల మాట ఎత్తకపోవడమే మర్యాద. 16 జీబీ మెమరీ ఉంటే మేలంటారు, అది నిజమే. 4.0 నుంచి ప్రాసెసరులో కొన్ని వర్చువలైజేషన్ సదుపాయాలు తప్పనిసరి కాబట్టి ఏ ల్యాప్‌టాప్ పడితే అది ఒప్పుకోదు. కంటికి కూడా అంత నునుపుగా ఉండదు. ఫెడోరా క్యూబ్‌లోని బొత్తాం ఒకలా, డెబియన్ క్యూబ్‌లోది మరోలా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ నాటు మనిషిలా ఉంటుంది. 3.1 దాకా కేడీఈ ముందుండేది, అది కాస్త సోకుల మనిషి. ఈ మొరటుతనాన్ని నేను వెనకేసుకు రాను. పైపూత పనివాళ్లు ఇంకా రావలసిన ఇల్లే ఇది.

అన్నిటికన్నా పెద్ద లోపం ఆ అంచు గీసే చేయి దగ్గరే ఉంది. డెస్క్‌టాప్ నడిపే బండెడు కోడూ, గ్రాఫిక్స్ డ్రైవర్లూ, సర్వాధికారి అయిన డామ్ జీరోలోనే కాపురం ఉంటున్నాయి. తెర మీద గీసేవాడూ రాజ్యమేలేవాడూ ఒక్కడే అన్నమాట. విడదీయడమే వ్రతంగా పెట్టుకున్న వ్యవస్థలో ఈ ముడి ఎబ్బెట్టు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 4.1లో, దీన్ని విప్పే ప్రయత్నం ప్రయోగంగా కనిపించింది: సిస్-జీయూఐ. డామ్ జీరోలో కొన్ని ఆదేశాలిచ్చి దీన్ని కట్టుకుంటే, లాగిన్ తెరలో మామూలు సెషన్ పక్కన ఇంకో సెషన్ కనిపిస్తుంది. అది ఎంచుకుంటే డెస్క్‌టాప్ మొత్తం, మెనూలూ పట్టీలూ అంచులూ సహా, ఒక క్యూబ్‌లోకి మారిపోతుంది. డామ్ జీరో దృష్టిలో ఆ డెస్క్‌టాప్ అంతా కలిపి ఒక్క విండో, తెర నిండా పరుచుకున్న విండో. ఏ క్యూబ్‌కూ ఊరికే ఇవ్వని నిండుతెర హక్కును ఈ ఒక్కదానికి ఇస్తారు. గ్రాఫిక్స్ కార్డునే నేరుగా ఆ క్యూబ్‌కు అప్పగించే ఇంకో రూపం కూడా ఉంది. అన్ని విండోలనూ చూసేది, మీటలన్నీ వినేది అదే కాబట్టి, దాన్ని నమ్మక తప్పదు. పోయేది అధికారం మాత్రమే. నా మటుకు నేను దాన్ని రోజువారీ పనికి ఇంకా పెట్టుకోలేదు, కానీ అంచులు గీసే చేయి కూడా ఒక అంచు లోపలికి రావాలన్న ఆ ఆలోచన దగ్గర క్యూబ్స్ తన మాట తాను పూర్తిగా విన్నదనిపిస్తుంది.